నేను కనుబొమ్మ ఎత్తని రోజు

బడిలో నాకొక అలవాటు ఉండేది. పిల్లలు జవాబు చెబితే సరి అనిగానీ తప్పు అనిగానీ నోటితో చెప్పేవాణ్ణి కాదు. సరైతే ఎడమ కనుబొమ్మ పైకెత్తేవాణ్ణి. తప్పైతే ముఖంలో ఏ కదలికా లేకుండా అలాగే చూస్తూ నిలబడేవాణ్ణి. జవాబు చెప్పినవాళ్లు గబుక్కున నా ముఖం వైపు చూసేవాళ్లు. తరగతి తరగతంతా నా కనుబొమ్మ కోసం ఎదురుచూడటం నాకెంతో ఇష్టంగా ఉండేది. అది పాఠం చెప్పే నేర్పు అనుకున్నాను. ఉత్త డాబు అని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇది తొంభైల మధ్యలో సంగతి. మా ఇల్లు హోసూరులో. నా ఉద్యోగం ఉద్దనపల్లి దాటాక, రాయకోట దారిలో ఉన్న ఒక పల్లె బడిలో. తెలుగు పిల్లలు చదివే బడి. పొద్దున్నే హోసూరు బస్టాండులో ఒక ప్రైవేటు బస్సు ఎక్కేవాణ్ణి. ఆ వేళకు మార్కెట్టులో టమాటాలు, క్యాబేజీ దించేసి ఖాళీ గంపలతో ఊళ్లకు తిరిగిపోయే రైతులతో బస్సు నిండిపోయేది. నాకు మాత్రం చోటు ఎప్పుడూ ఉండేది. డ్రైవరు పక్కన ఇంజను మీద మూతలా ఉండే పెద్ద రేకు దిమ్మను అందరూ బానెట్ అనేవాళ్లు. దాని మీద అందరినీ కూర్చోనిచ్చేవాళ్లు కాదు. అది అయ్యవారి చోటు. ఇంజను వేడి తగలకుండా డ్రైవరు నా కోసం ఒక నల్ల కంబళిని నాలుగు మడతలు పెట్టి పరిచేవాడు.

అతనిదీ నాదీ ఇంచుమించు ఒకే వయసు. ఉద్దనపల్లి పక్క రైతుబిడ్డ. అన్న సేద్యం చూసుకుంటే ఇతను స్టీరింగ్ పట్టుకున్నాడు. రోజంతా ప్రయాణికులతో తమిళం, బళ్లు కడిగేచోట కన్నడం మాట్లాడి, నేను ఎక్కగానే ఇంటి భాష దొరికినట్టు సంబరపడేవాడు. "అయ్యోరూ, ఈ పొద్దు ఏం కత?" అనేవాడు. కథ అంటే పొడుపు కథ. నేను రోజుకొకటి అల్లి తీసుకుపోయేవాణ్ణి. పాతవి కాదు, దారిలో కనిపించిన వాటి మీద నేనే కట్టినవి. అతను గేరు మారుస్తూ, పెదవులు కదిలిస్తూ ఆలోచించి జవాబు చెప్పేవాడు. చెప్పి నా ముఖం వైపు తిరిగేవాడు. ఎందుకంటే అతనికి కూడా నేను నోటితో చెప్పేవాణ్ణి కాదు. బడిలో చేసే వేషమే బస్సులోనూ వేసేవాణ్ణి.

మా తలల పైన, ముందు అద్దానికి పైన, తమిళంలో ఎర్ర అక్షరాలతో రాసి ఉండేది, బస్సు నడిచేటప్పుడు డ్రైవరుతో మాట్లాడకూడదని. కనిపించిన ప్రతి బోర్డునూ పిల్లలచేత పైకి చదివించే మనిషిని నేను. ఆ బోర్డు కిందే కూర్చుని రోజూ అరగంట నోరు మూయకుండా మాట్లాడేవాణ్ణి. ఒకసారి వెనక సీటులోంచి ఒక పెద్దామె గట్టిగానే అంది, "ఏమప్పా డ్రైవరూ, దారి చూడప్పా, అయ్యోరి ముఖం రేపు కూడా ఉంటాది." నేను ఊరుకుంటే పోయేది. "ఈయప్ప ఈ దారిలో కండ్లు మూసుకొని పోతాడులేమ్మా" అన్నాను. బస్సులో సగం మంది నవ్వారు. ఆ నవ్వు నాకెంత తీపిగా తగిలిందో తలచుకుంటే ఇప్పుడు తల ఎత్తలేను.

ఆ రోజు చలికాలం. మంచు విడిపోయి ఎండ పడుతోంది. ఉద్దనపల్లి ఇంకా మూడు మైళ్లుందనగా ఒక మలుపు తిరగ్గానే చాలా దూరాన, ఎడమ పక్కన, రోడ్డు అంచున ఒక గొర్రెల మంద కనిపించింది. వెనక ఒక ఆడమనిషి కర్ర పట్టుకుని నడుస్తోంది. అప్పటికి ఆ రోజు కథ ఏదీ నా దగ్గర లేదు. మందను చూడగానే తట్టింది. కింద కంబళి ఉండనే ఉంది. వంగి, ఇంజను మోతలో అతనికి మాత్రమే వినిపించేలా చెప్పాను.

"ఏటికి రెండు తూర్లు ఒంటిమీది కోటు విప్పి ఇస్తాడు. మనల్ని కప్పుతాడు, తాను వణుకుతాడు. ఎవడప్పా వాడు?"

అతను కాసేపు గొణుక్కున్నాడు. కోటు, కోటు అనుకున్నాడు. బస్సు బాగా వేగంగానే పోతోంది. ఉన్నట్టుండి అతని ముఖం వెలిగిపోయింది. "గొర్రె!" అని బస్సంతా వినపడేలా అరిచి, నా వైపు తిరిగాడు.

నేను వెంటనే కనుబొమ్మ ఎత్తలేదు. కాసేపు ఆడిద్దామనుకున్నాను. రాతిముఖం పెట్టుకుని అతని కళ్లలోకే చూస్తూ కూర్చున్నాను. సరేనా కాదా అని అతను నవ్వుతూ నా ముఖం వెతుకుతున్నాడు. ఎంతసేపు అంటే చెప్పలేను, రెండు అంకెలు లెక్కపెట్టేంత. ఆ రెండు అంకెల్లో ఒక గొర్రెపిల్ల మందలోంచి తప్పించుకుని రోడ్డుకు అడ్డం దూకింది. దాన్ని పట్టుకోవడానికి ఆ ఆడమనిషి వెనకే పరుగెత్తింది.

బ్రేకు పడేసరికి ఆలస్యమైపోయింది. గంపలు ముందుకు దొర్లాయి. నేను అద్దానికి గుద్దుకున్నాను. కిందికి దిగి చూస్తే రెండు గొర్రెలు చచ్చి పడున్నాయి. ఆమె రోడ్డు పక్క మట్టిలో కూర్చునే ఉంది. ఒక కాలు మోకాలి కిందినుంచి ఉండాల్సిన వైపు లేదు. నలభై అయిదేళ్లుంటాయేమో. ఏడవలేదు. "నా పిల్ల యాడ, నా పిల్ల యాడ" అంటోంది. గొర్రెపిల్ల గురించి. అది ఏమీ కాకుండా అవతల చేలోకి పోయి నిలబడి ఉంది. డ్రైవరు ఆమెను చేతుల మీద ఎత్తుకుని అదే బస్సులో పడుకోబెట్టాడు. నేను బానెట్ మీది కంబళి తెచ్చి కప్పాను. ఆ రోజు నేను చేసిన పని అంతే.

ఆమెను ఆసుపత్రిలో చేర్చాక, మధ్యాహ్నం స్టేషనులో హెడ్ కానిస్టేబుల్ మా అందరి మాటలూ రాసుకున్నాడు. ముందు సీటులో కూర్చున్న ఇద్దరు రైతులు కళ్లారా చూసిందే చెప్పారు. వాళ్లలో పెద్దాయన అన్నాడు, "ఈయప్ప చూసినాడు సార్. గొర్రె అని గట్టిగా అరిచినాడు. మేమందరమూ విన్నాము. అరిచి కూడా బ్రేకు తొక్కలేదు."

నిజమే, అందరూ విన్నది ఆ ఒక్క మాటే. నేను చెప్పిన పొడుపు ఇంజను మోతలో కలిసిపోయింది. అతని జవాబు మాత్రం బస్సంతా వినపడింది. చూడక గుద్దినవాడు వేరు, చూసి, పేరు పెట్టి అరిచి, అయినా ఆపకుండా మనిషి మీదికి తోలినవాడు వేరు. ఆ అరుపు హెచ్చరిక కాదని, జవాబని చెప్పగలిగేవాళ్లు ఆ గదిలో ఇద్దరమే. అతను చెబితే తప్పించుకోవడానికి కతలు చెబుతున్నాడంటారు. నేను చెబితే నమ్ముతారు.

హెడ్ కానిస్టేబుల్ అతన్ని తమిళంలో అడిగాడు, అరిచావా అని. అరిచానన్నాడు. అయితే చూశావన్నమాటేగా అన్నాడు. డ్రైవరు మెల్లగా తల తిప్పి నా ముఖం వైపు చూశాడు. రోజూ బస్సులో జవాబు చెప్పి చూసేవాడే, అచ్చం అలాగే. చెప్పమంటారా, వద్దా అని ఆ చూపు అడిగింది. నేను కనుబొమ్మ ఎత్తి ఉంటే చాలు, అతను చెప్పేసేవాడు. నేను ఎత్తలేదు.

అతను మళ్లీ అటు తిరిగి, "చూసినాను సార్. బ్రేకు పడలేదు" అన్నాడు.

తర్వాత నా వంతు. వాద్యారుగారూ, అంటే అయ్యవారూ, మీరు ముందే కూర్చున్నారు కదా, డ్రైవరుతో ఎవరైనా మాట్లాడుతున్నారా అని చాలా మర్యాదగా అడిగాడు. ఆ ఇద్దరు రైతులూ నేలచూపులు చూశారు. వాళ్ల పిల్లలు నా దగ్గరే చదువుతున్నారు. "నేను పేపరు చదువుకుంటూ ఉన్నాను. ఏమీ చూడలేదు" అన్నాను. హోసూరు బస్టాండులో కొన్న పేపరు మడత విప్పకుండా నా సంచీలోనే ఉంది. గుండ్రటి అక్షరాలతో సంతకం చేసి బయటికి వచ్చాను. ప్రధానోపాధ్యాయుడిగా నా పదోన్నతి దగ్గర్లో ఉందని, బడి పేరు చెడుతుందని, ఎన్నో కారణాలు చెప్పుకున్నాను తర్వాత. ఒక్కటీ నిజం కాదు. భయపడ్డాను, అంతే.

మెకానిక్కు చూసి బ్రేకులు బాగానే ఉన్నాయన్నాడు. దాంతో అతనికి అబద్ధాలకోరు అన్న పేరు కూడా తోడైంది. ఓనరు తీసేశాడు. కోర్టులో శిక్ష పడింది, లైసెన్సు పోయింది. కళ్లుండి గుద్దినవాడని ఆ దారిలో ఊరూరా చెప్పుకున్నారు. ఇంటికొచ్చి మా ఆవిడతో నేను కూడా, "ఏం మనిషో, ఒళ్లు దగ్గర పెట్టుకోకుండా నడిపాడు" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నా నోటికి!

మరుసటి వారం నుంచి బస్సులో చిట్టచివరి సీటులో కూర్చోవడం మొదలుపెట్టాను. కొత్త డ్రైవరు పిలిచినా ముందుకు పోలేదు. అది ప్రాయశ్చిత్తం అనుకోవడం హాయిగా ఉండేది. నిజానికి ముందు కూర్చుంటే ఆ మలుపు బాగా కనిపిస్తుంది, అందుకు. బడిలో కూడా కనుబొమ్మ ఆట మానేశాను. పిల్లలు కొన్నాళ్లు నా ముఖం చూసి, ఏమీ దొరక్క, చూడటం మానుకున్నారు. కొన్ని నెలల తర్వాత కిటికీలోంచి ఆమె కనిపించింది. చంక కింద కర్ర పెట్టుకుని మంద వెనక కుంటుతూ పోతోంది. నేను సంచీలోంచి పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

ఏళ్లు గడిచాయి. నాకు పదోన్నతి వచ్చింది, కృష్ణగిరికి బదిలీ అయింది. కృష్ణగిరి వేరే జిల్లా కూడా అయింది. అందరి చొక్కా జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. ఒక చేత్తో స్టీరింగూ ఒక చేత్తో సెల్లూ పట్టుకుని నడిపేవాళ్ల వల్ల ప్రమాదాలు జరుగుతున్నాయని, బడి వ్యాన్ల డ్రైవర్లను, ఆటోవాళ్లను పిలిచి ఒక సభ పెట్టారు. నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. వెళ్లకుండా ఉండాల్సింది. వెళ్లాను. నా గొంతు మైకులో బాగుంటుందని నాకు తెలుసు.

రోడ్డు మీద నుంచి చూపు తిప్పితే ఏమవుతుందో పావుగంట దంచాను. ఫోను మోగితే బండి పక్కన ఆపి మాట్లాడండి, ఇంట్లోవాళ్లకు కూడా చెప్పండి బండి మీద ఉన్నప్పుడు పిలవొద్దని, అన్నాను. అన్నీ మంచి మాటలే. అప్పుడు నాలుగో వరుసలో అతను, ఆ బస్సు డ్రైవరు, కనిపించాడు. జుట్టు నెరిసింది, ఖాకీ చొక్కా. చేతులు ఒళ్లో పెట్టుకుని, అందరికన్నా శ్రద్ధగా వింటున్నాడు. "సెల్లు ఒక్కటే కాదు," అన్నాను, "పక్కన కూర్చుని మాట్లాడేవాడు కూడా..." అక్కడ ఆగిపోయాను. అయిపోయిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టాడు.

సభ అయ్యాక తప్పించుకుని పోదామని చూశాను. గేటు దగ్గర ఎదురొచ్చాడు. "అయ్యోరూ, బస్టాండుకా? రాండి, దింపుతాను." మండీలో మామిడి గంపలు మోసి, ఆ తర్వాత రాళ్లు పాలిష్ చేసే చోట పనిచేసి, మళ్లీ లైసెన్సు వచ్చాక ఒక బడి వ్యాను నడుపుతున్నాడట. ముందు సీటు ఎక్కబోయి ఆగిపోయాను. డ్రైవరు పక్క సీటు మీద ఒక పెద్ద నీళ్ల క్యాను తాడుతో కట్టేసి ఉంది. "ఆడ ఎవురినీ కుచ్చోపెట్టను" అన్నాడు. వెనక పిల్లల సీటులో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను.

దారంతా అతను ఒక్కసారి కూడా తల తిప్పలేదు. రోడ్డు చూస్తూనే చెప్పాడు, "పిల్లోళ్లు కూడా నాతో మాట్లాడరు, బండి పోయేటప్పుడు. రోజూ అయిదు నిమిషాలు ముందే బయలెల్లుతాను. నడిమద్దెలో ఒక చోట నిలిపి, ఇంజను ఆపి, వాళ్ల తట్టు తిరుగుకొంటాను. ఇప్పుడు చెప్పండి అంటాను. అందురూ ఒకేతూరి చెప్తారు. అంతా విని, మల్లా పోతాము." పావుగంట ఉపన్యాసంలో నేను చెప్పలేని సంగతి అది.

బస్టాండు దగ్గర వ్యాను ఓరగా నిలిపాడు. హ్యాండ్ బ్రేకు లాగాడు, ఇంజను ఆపాడు. అప్పుడు పూర్తిగా నా వైపు తిరిగాడు.

"ఆ పొద్దు నేను చెప్పింది సరేనా, అయ్యోరూ?"

"సరేనప్పా," అన్నాను. "గొర్రే."

"అట్లనే అనుకొంటిని. మీరు కనుబొమ్మ ఎత్తలేదు గదా, అందుకని అడిగితిని."

తప్పంతా నాదేనని, స్టేషనులో నేను నోరు తెరవాల్సిందని, ఏవేవో అన్నాను. అతను చేయెత్తి ఆపాడు. "నాకు తెలుసు గదా అయ్యోరూ, నాకెందుకు చెప్తారు? తెలీనిది ఆయమ్మకు. నేను కండ్లారా చూసి, అరిచి, పైన తోలినానని ఇంకా అనుకొనుండాది. రెండు మూడు తూర్లు పోయినాను. ముఖం తిప్పుకొంటాది. నేను చెప్తే నమ్మదు. మీరు చెప్తే నమ్ముతాది. అయ్యోరు గదా." ఆ చివరి మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఉండి ఉంటే బాగుండేది.

పోతానని మాటిచ్చాను. ఇచ్చి, మూడు నెలల దాకా వెళ్లలేదు. పరీక్షలన్నాను, ఎండలన్నాను. చివరికి ఒక ఆదివారం పొద్దున బస్సెక్కి, అన్నేళ్లు పేపరు అడ్డం పెట్టుకుని దాటిపోయిన ఆ చోట దిగాను.

ఆమె ఇంటి ముందు గొర్రెల దొడ్డి దగ్గర కూర్చుని గొర్రెపిల్లలకు ఆకు తుంచి వేస్తోంది. చెడిన కాలు చాచుకుని ఉంది. "ఎవురప్పా నువ్వు?" అంది. చెప్పాను. ఈసారి నిలబడే చెప్పాను, మొదటినుంచి చివరిదాకా. కంబళి, పొడుపు కథ, అతని అరుపు, స్టేషను, పేపరు. ఆయప్ప నిన్ను చూడనే లేదమ్మా, గొర్రె అన్నది నా కథకు జవాబు, నా ముఖం చూస్తూ ఉన్నాడు, అన్నాను.

ఆమె ఆకు తుంచడం ఆపలేదు. తుంచుతూనే, "ఏం కత అది? చెప్పు" అంది.

చెప్పాను. ఏటికి రెండు తూర్లు కోటు విప్పి ఇస్తాడు, మనల్ని కప్పుతాడు, తాను వణుకుతాడు.

"గొర్రె" అంది, వెంటనే. "దీనికి ఆయప్ప నీ ముఖం చూడల్నా?"

ఆమె చేతిలోని కొమ్మ కింద పెట్టింది. ఏదో కూడగట్టుకుంటున్నట్టు నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"కత కట్టింది నువ్వే అంటివి గదా. గొర్రె కత ఆ పొద్దే ఎట్ల తట్టె నీకు?"

ఆ ప్రశ్న ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. పోలీసు అడగలేదు, డ్రైవరు అడగలేదు. నన్ను నేను కూడా అడుక్కోలేదు. ఆమె నా ముఖం వైపే చూస్తోంది, అతను చూసినట్టే.

"మలుపు తిరగ్గానే నీ మంద కనిపించిందమ్మా" అన్నాను.

"అంటే నువ్వు ముందే చూసినావు."

"చూసినానమ్మా."

"చూసి, కత కట్టినావు. గొర్రెలు వస్తా ఉండాయి, మెల్లిగా పోప్పా అని ఒక మాట చెప్పలేదు."

దొడ్డిలో ఒక పిల్ల అరిచింది. ఆమె కర్ర ఆనించుకుని, నేను చేయి అందించబోతే వద్దని, తానే లేచింది. లోపలికి పోతూ గుమ్మంలో ఆగింది.

"ఆయప్పను ఒకతూరి రమ్మను. కుచ్చొని పోనీ," అంది. "నువ్వు మాత్రం ఇంక రావద్దు."

మరుసటి రోజు పొద్దున కృష్ణగిరిలో అతని వ్యాను పిల్లల కోసం ఆగే చోటికి వెళ్లాను. ఇంజను ఆపేదాకా నిలబడి, ఆమె గుమ్మంలో చెప్పిన మొదటి మాట, అతన్ని రమ్మన్నది, చెప్పాను. అతని ముఖం ఆ రోజు జవాబు తట్టినప్పటిలాగే వెలిగింది. తర్వాత రెండో మాట కూడా, నన్ను ఇంక రావద్దన్నది, చెప్పాను.